ప్రణయకథలు – మాయాప్రవరులు

ప్రణయకథ చదివి కంటతడి పెట్టినవారిని చూచి నవ్వడం లోకానికి చాలాకాలంగా ఉన్న అలవాటు. యుద్ధవర్ణన చదివి ఒళ్లు గగుర్పొడిచిందని చెప్పుకొనడానికి ఎవరూ సంకోచించరు. హరిశ్చంద్రుని కాటికాపరితనం చూచి కన్నీరు కార్చినవారిని సహృదయులంటారు. కాని నాయికానాయకులు విడిపోయిన ఘట్టం చదివి ఒక విద్యార్థిని ఆ పూట అన్నం సయించక కూర్చుంటే ఆమెకు దొరికేది పరిహాసం, లేదా మందలింపు. అందుచేతనే ప్రణయకథ ఇతర గ్రంథాలవలె బల్లమీద నిలువక, పాఠ్యపుస్తకం మాటున, తలగడ క్రింద తలదాచుకొని బ్రతకడం నేర్చుకొన్నది. చదివినవారు కూడా ఆ ఇష్టాన్ని ఒక దోషంవలె దాచుకొంటారు. పెద్దవారైన తరువాత అదంతా చిన్నతనపు చాపల్యమని తేలికగా తీసిపారవేస్తారు.

ఈ సిగ్గు సమంజసమేనా? ప్రణయకథ పాఠకుని హృదయంలో చేసే పని ఏమిటి? అందులో భయపడవలసినది ఎంత, సంతోషించవలసినది ఎంత? ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఇది కేవలం సాహిత్యచర్చ కాదు. పదహారేళ్ల వయసులో చదివిన ప్రేమకథ, ఆ తరువాత జీవితంలో ఎదురయ్యే మనిషిని చూచే చూపును కొంత తీర్చిదిద్దుతుంది. ఆ చూపు సరిగా తీరితే ఒక బ్రతుకు వెలుగుతుంది. వంకరపోతే ఇద్దరి బ్రతుకులు నలుగుతాయి.

మన ఆలంకారికులకు ఈ విషయంలో సిగ్గు లేదు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాలలో మొదటిది శృంగారం. పదకొండవ శతాబ్దివాడైన భోజమహారాజు మరొక మెట్టు పైకి వెళ్లి, తక్కిన రసాలన్నిటికీ మూలం శృంగారమేనని 'శృంగారప్రకాశం'లో ప్రతిపాదించాడు. అంతకుముందే భట్టనాయకుడు ఒక చిక్కుప్రశ్నకు సమాధానం వెదికాడు. రంగస్థలంమీద దుష్యంతుడు శకుంతలను ప్రేమిస్తే ప్రేక్షకునికి ఆనందం ఎందుకు కలగాలి? ఆ ప్రేమ అతనిది కాదు. ఇతరుల ప్రేమను లోకంలో చూచినప్పుడు కలిగేవి ఉదాసీనత, అసూయ, సంకోచం, ఆనందం కాదు. కావ్యంలో ఆ భావం 'ఫలానావాడిది' అన్న గుర్తును కోల్పోయి అందరిదీ అవుతుందని, అదే సాధారణీకరణమని భట్టనాయకుడు చెప్పాడు. అభినవగుప్తుడు ఆ ఆలోచనకు మెరుగుపెట్టి, పఠితలో సంస్కారరూపంగా దాగి ఉన్న భావమే కావ్యం చదివినప్పుడు మేల్కొంటుందని వివరించాడు.

దీనినిబట్టి తేలేది ఒక్కటే. ప్రణయకథలో సగం కవి వ్రాస్తాడు; తక్కిన సగం పాఠకుడు తన గుండెలోనుంచి తెచ్చి పూరిస్తాడు. తెచ్చేది అతనికి దక్కినది కావచ్చును, దక్కనిది కావచ్చును. ఒకే కథ ఒకరికి వేడుకగాను, వేరొకరికి గాయంగాను తోచడానికి కారణం ఇదే.

వరూధిని పక్షం

ఈ సత్యానికి తెలుగులో మనుచరిత్రను మించిన ఉదాహరణం లేదు. మార్కండేయపురాణంలో చిన్నదిగా ఉన్న కథను పెద్దన ప్రబంధంగా పెంచాడు. అరుణాస్పదపురవాసి ప్రవరుడు నిష్ఠాపరుడైన గృహస్థు. సిద్ధుడిచ్చిన పాదలేపం మహిమతో హిమాలయానికి చేరుకొంటాడు. మంచుకు ఆ లేపం కరిగిపోతుంది. ఇంటిదారి అడగడానికి వెళ్లి వరూధిని కంటబడతాడు. ఆమె వలచింది, అతడు తిరస్కరించాడు. అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరుకొన్నాడు. ధర్మం ప్రవరుని పక్షాన ఉన్నదనడంలో సందేహం లేదు. అతనికి ఇంటివద్ద తల్లిదండ్రులున్నారు, ఇల్లాలున్నది, నిత్యాగ్నిహోత్రమున్నది.

అయినా ప్రవరుడు వెళ్లిపోయిన తరువాత పాఠకుని మనస్సు అతని వెంట అరుణాస్పదపురానికి పోదు. హిమాలయంలో, ఒంటరిగా నిలిచిన వరూధిని దగ్గరనే ఆగిపోతుంది. తీర్పు ప్రవరునికి, సానుభూతి వరూధినికి! నీతి వేరు, రసానుభవం వేరని ఇంత నిండుగా తెలిపిన ఘట్టం అరుదు. తరగతిలో ఈ భాగం చెప్పే ఉపాధ్యాయుడు ప్రవరుని ఇంద్రియనిగ్రహాన్ని శ్లాఘించి ఊరకుంటే, పెద్దన వ్రాసినదానిలో సగమే చెప్పినట్టు.

కథ అక్కడితో ఆగలేదు. పూర్వం వరూధిని చేత తిరస్కృతుడైన ఒక గంధర్వుడు ప్రవరుని రూపం ధరించి వచ్చాడు. ఆమె ఆ మాయాప్రవరుని నిజమైన ప్రవరుడనే నమ్మింది. తాను కోరుకొన్న ముఖమే ఎదుట ఉన్నది. లోపల ఉన్నవాడు వేరు. ఇది వట్టి చమత్కారం కాదు. కోరిక బలంగా ఉన్నప్పుడు మనిషికి కనబడేది ఎదుటి వ్యక్తి కాదు, తన కోరిక ధరించిన రూపం. ప్రణయకథ చదివే ప్రతి పాఠకునికీ ఇటువంటి మాయాప్రవరుడో, అటువంటి నాయికో ఎదురు కాక తప్పదు. అయితే ఒక భేదమున్నది. వరూధినికి ఆ మాయ తెలియదు. మనుచరిత్ర చదివేవానికి తెలుసు. తెలిసి కూడా తన్మయుడు కావడమే సహృదయత. మాయ తెలియక తన్మయుడు కావడం మోసపోవడం. మాయ అని తెలిసినందువల్ల అసలు చదవనే చదవకపోవడం లోభిత్వం.

ఒక గ్రంథం, ఇద్దరు పాఠకులు

పాఠకుని హృదయం ఎంత బలమైన శక్తియో చెప్పడానికి తెలుగుదేశచరిత్రలోనే ఒక వివాదం ఉన్నది. తంజావూరును ప్రతాపసింహుడు ఏలిన కాలంలో ముద్దుపళని 'రాధికాసాంత్వనం' రచించింది. రాధ తాను పెంచిన ఇళను తానే కృష్ణునికిచ్చి వివాహం చేస్తుంది. చేసిన తరువాత ఆ ఎడబాటును తానే తాళలేకపోతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను ఊరడించడం కావ్యవస్తువు. ఆంధ్రకవుల చరిత్రలో కందుకూరి వీరేశలింగం కవయిత్రి విద్వత్తును అంగీకరిస్తూనే, ఈ కావ్యంలోని శృంగారవర్ణనలను తీవ్రంగా గర్హించారు. బెంగుళూరు నాగరత్నమ్మ అదే కావ్యాన్ని చదివి పరవశురాలయింది. ముద్రితప్రతిలో లోపాలున్నాయని గ్రహించి, వ్రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్లవారిచేత పరిష్కృతప్రతిని వెలువరింపజేసింది. పురుషులు వ్రాసిన శృంగారకావ్యాలను పండితులు నిరాక్షేపంగా ఆదరిస్తూ, స్త్రీ వ్రాసినప్పుడు మాత్రమే సిగ్గును గుర్తు చేసుకొనడం న్యాయమా అని పీఠికలో ఆమె నిలదీసింది. ఆ తరువాత ప్రభుత్వం గ్రంథాన్ని నిషేధించింది. నిషేధం 1947లో, టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉన్నప్పుడు తొలగింది.

వీరేశలింగం సంస్కర్త, వితంతువుల కన్నీరు తుడిచినవారు. శృంగారకావ్యాలు పోషించిన విలాసజీవనం స్త్రీలకు చేసిన కీడు ఆయనకు కనబడింది. నాగరత్నమ్మ కళాకారిణి, తన వంటి కళావంతురాలు వ్రాసిన కావ్యంలో రాధ పడిన వేదన ఆమెకు వినబడింది. ఇద్దరూ చదివిన గ్రంథం ఒకటే. ఇద్దరూ తెచ్చిన హృదయాలు వేరు. ఎవరి అనుభవాన్నీ అబద్ధమనడానికి వీలులేదు. కాని తన హృదయానికి నచ్చనిదానిని ఇతరులకు అందకుండా చేయవచ్చునా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. పాఠశాల గ్రంథాలయంలో పుస్తకాలు ఎంచే ప్రతి ఉపాధ్యాయుని ముందూ చిన్న రూపంలో నేటికీ ఆ ప్రశ్నే నిలిచి ఉన్నది.

పెళ్లికి ముందు, పెళ్లికి తరువాత

నవల వచ్చిన తరువాత ప్రణయం ఉద్యానవనాలనుంచి ఇంటిలోకి వచ్చింది. అక్కడ ఒక చిక్కు ఎదురైంది. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లే లోకధర్మంగా ఉన్న సంఘంలో ప్రేమకథ ఎక్కడ నడవాలి? మన నవలాకారులు దీనికి తలకొక సమాధానం చెప్పారు.

అడవి బాపిరాజు 'నారాయణరావు'లో పెళ్లి ముందు, ప్రేమ తరువాత. జమీందారు బిడ్డ శారద భర్తకు దగ్గర కావడానికి చాలాకాలం పడుతుంది. నారాయణరావు బలవంతం చేయడు, నిరీక్షిస్తాడు. ఈ నవల 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'తో కలిసి పంచుకొన్నది. విశ్వనాథవారిదే 'ఏకవీర' మరొక తీరు. మధుర నాయకరాజుల కాలంనాటి ఆ కథలో ఇద్దరు మిత్రులు. ఒకడు వలచిన కన్య మరొకని భార్య అవుతుంది. వివాహధర్మం మీద అచంచలమైన విశ్వాసమున్న రచయిత, ఆ ధర్మం నలిపివేసిన నాలుగు హృదయాల చప్పుడును మాత్రం దాచలేదు. ఆ నిజాయితీయే నవలకు ప్రాణం. పెద్దన వరూధినికి చేసిన న్యాయం ఇటువంటిదే.

చలం 1927 నాటి 'మైదానం'లో ఈ కట్టనే తెంచివేశాడు. ప్లీడరు భార్య రాజేశ్వరి అమీరుతో వెళ్లిపోయి, తన కథను తానే చెప్పుకొంటుంది. ఇల్లు విడిచిన స్త్రీని గురించి అంతకుముందు లోకం చెప్పగా వినడమే పాఠకునికి అలవాటు. ఇక్కడ ఆమె గొంతే వినవలసి వచ్చింది. పుస్తకాన్ని ఆరాధించినవారు, అసహ్యించుకొన్నవారు కూడా ఆ గొంతును మరచిపోలేకపోయారు. ప్రణయకథ పాఠకునికి చేసే మేలు ఒకటి ఇందులో ఉన్నది: బయటనుంచి తీర్పు చెప్పే అలవాటును కొంతసేపు మాన్పించి, లోపలనుంచి చూపిస్తుంది. చూచిన తరువాత తీర్పు మారవచ్చును, మారకపోవచ్చును. మునుపటంత తేలికగా మాత్రం నోట వెలువడదు.

కన్నీటి గురించి చెప్పేటప్పుడు దేవదాసును మరువరాదు. శరత్చంద్రుని వంగనవల 1917లో అచ్చయింది. తెలుగులో 1953 నాటి చలనచిత్రంతో ఆ పేరు ఇంటింటికీ చేరి, ప్రేమలో ఓడిపోయినవానికి మారుపేరైంది. దేవదాసు కోసం ఏడవని పాఠకుడు అరుదు. కాని ఆ కన్నీరు ఆరిన తరువాత నవలను మళ్లీ తెరచి చూస్తే వేరొక దృశ్యం కనబడుతుంది. అపనిందకు వెరవక, రాత్రివేళ ఒంటరిగా వచ్చి తన మనస్సు విప్పి చెప్పినది పార్వతి. పెద్దలకు జంకి, ఉత్తరం వ్రాసి తప్పుకొన్నది దేవదాసు. సాహసం ఆమెది, సానుభూతి అతనిది! పదహారేళ్ల పాఠకుడు దేవదాసు కోసం ఏడుస్తాడు. నలభై ఏళ్ల పాఠకుడు పార్వతిని తలచుకొని నిట్టూరుస్తాడు. కథ మారలేదు, చదివేవాడు మారినాడు. ఇలా వయస్సుతోపాటు ఎదగగల కథయే మంచి ప్రణయకథ. ఒక వయస్సులో మాత్రమే రుచించి, ఆ తరువాత తెరచి చూస్తే చప్పబడేది కాలక్షేపం.

రాజశేఖరం కారు దిగినప్పుడు

1960ల నాటికి వారపత్రికలు, మాసపత్రికలు ధారావాహికనవలను ప్రతి ఇంటికీ చేర్చాయి. అంతకుముందే కొవ్వలి లక్ష్మీనరసింహారావు వేయి చిన్న నవలలు వ్రాసి, పండితులు పలుకరించని వేలాదిమందికి చదివే అలవాటు నేర్పి ఉన్నారు. చదువుకొన్న స్త్రీలు పాఠకులుగానే కాక రచయిత్రులుగా కూడా ముందుకు వచ్చారు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అనే చలనచిత్రమైంది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 'జ్యోతి' మాసపత్రికలో వెలువడి, పుస్తకంగా అనేక ముద్రణలు పొంది, 1976లో చలనచిత్రంగా వచ్చింది.

'సెక్రటరీ' నాయకుడు రాజశేఖరం అందగాడు, ఐశ్వర్యవంతుడు, గంభీరుడు. అటువంటివాడు కారు దిగి నడచి వస్తుంటే ఒక తరం ఆడపిల్లలు పుటలమీద కళ్లు నిలిపి ఊపిరి బిగపట్టారంటే అతిశయోక్తి కాదు. ఇటువంటి వ్యక్తి లోకంలో ఉండడని, పిల్లలకు పగటికలలు నేర్పుతున్నారని విమర్శకులు ఆక్షేపించారు. ఆక్షేపణ అబద్ధం కాదు. రాజశేఖరం నిస్సందేహంగా మాయాప్రవరుడే.

కాని విమర్శకులు కారును చూచినంత శ్రద్ధగా జయంతిని చూడలేదు. జయంతి ఉద్యోగం చేసుకొని బ్రతకవలసిన పిల్ల. ఆడపిల్లలు చదువు ముగించి కార్యాలయాల గడపలు అప్పుడప్పుడే తొక్కుతున్న రోజులవి. జీతం ఇచ్చేవాని ఎదుట అభిమానం చంపుకోకుండా నిలబడడం ఎలా అన్నది ఆనాటి పాఠకురాలి స్వంత ప్రశ్న. అంతటి సంపన్నుడు ఒక సామాన్యురాలి ఆత్మగౌరవాన్ని లెక్కపెట్టక తప్పలేదన్నది ఆ కథలోని అసలు కల. కట్నం ఇచ్చి, పెళ్లిచూపులలో తల వంచుకొని కూర్చొనడం తప్ప వేరు దారి ఎరుగని పిల్లకు, తన మాటకు విలువ ఉన్న ఒక లోకం కొన్ని గంటలసేపు దొరికింది. ఆమె కోరుకొన్నది కారు మాత్రమే కాదు, మర్యాద. 2018లో సులోచనారాణి దివంగతురాలైనప్పుడు, నడివయస్సు దాటిన స్త్రీలెందరో ఆమె నవలలను ఆప్యాయంగా స్మరించుకొనడానికి కారణం ఇందులో ఉన్నది.

అదే కాలంలో ముప్పాళ్ల రంగనాయకమ్మ 'బలిపీఠం' నాణెం రెండవవైపును చూపింది. ఆదర్శంతో జరిగిన వర్ణాంతరవివాహం దాంపత్యమనే నిత్యజీవితంలో ఎటువంటి ఒరపిడికి లోనవుతుందో ఆ నవల వస్తువు. ఒకరి నవల పెళ్లితో ముగిస్తే, మరొకరి నవల పెళ్లితో మొదలయింది. పాఠకురాలికి ఈ రెండూ కావాలి. కల లేనిదే మెరుగైన బ్రతుకు కావాలన్న కోరిక పుట్టదు. మెలకువ లేనిదే ఆ కోరిక నిలువదు.

ఎమ్మా చేసిన పొరపాటు

కల, మెలకువ వేరుపడితే ఏమవుతుందో ఫ్రెంచి రచయిత ఫ్లోబేర్ 'మదామ్ బొవరీ'లో చూపాడు. సన్యాసినుల మఠంలో చదువుకొంటూ రహస్యంగా ప్రణయనవలలు చదివిన ఎమ్మా, ఆ తరువాత భర్తలోను, ప్రియులలోను ఆ నవలానాయకులనే వెదికి, అప్పులపాలై, విషం మ్రింగుతుంది. 1857లో ఈ నవల నీతికి భంగకరమని పారిసు న్యాయస్థానంలో అభియోగం నడిచి, చివరకు రచయిత నిర్దోషి అని తేలింది.

నవలలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారనడానికి ఎమ్మాను సాక్ష్యంగా తెచ్చేవారున్నారు. నిజానికి ఆ నవల చెప్పేది అది కాదు. ఎమ్మా చదివినది ఎక్కువై చెడలేదు. చదివినదానిని గురించి ఒక్కరితోనైనా మాట్లాడే అవకాశం లేక చెడింది. ఆమె చదువు రహస్యం, కలలు రహస్యం, దుఃఖం రహస్యం. మాయాప్రవరుని మాయాప్రవరుడని చెప్పి, అయినా అందంగా ఉన్నాడు సుమా అని నవ్వగల స్నేహితురాలో, గురువో ఆమెకు దొరకలేదు. దాచి చదివిన కథకే విషం పట్టే అవకాశం ఎక్కువ.

నేడు ప్రణయకథ దాగే చోటు మారింది. తలగడ క్రింది పుస్తకం పోయి, చేతిలోని ఫోనులో వరుసకథ వచ్చింది. దాచడం మరింత తేలికయింది. పంచుకొనడం మరింత అవసరమయింది. విద్యార్థి చేతిలో అటువంటి కథ కనబడినప్పుడు లాగివేసుకొనే ఉపాధ్యాయుడు ప్రవరునివలె తాను గడప దాటి వెళ్లిపోతాడే గాని, వెనుక మిగిలినవారికి మాయాప్రవరుడే గతి అవుతాడు. అంతకంటె మూడు ప్రశ్నలు అడగడం మేలు. ఈ కథలో ఆమెకు ప్రేమ తప్ప వేరే బ్రతుకు ఉన్నదా? ఆమె వద్దన్నప్పుడు అతడు ఆ మాట విన్నాడా? పెళ్లి అయిన పదేళ్లకు వీరిద్దరూ ఏమి మాట్లాడుకొంటారు? ఈ మూడింటికి సమాధానం వెదకిన విద్యార్థికి వేరే నీతిబోధ అక్కరలేదు. వద్దన్నా వెంటబడడమే ప్రేమ అని చెప్పే కథ మొదటి చూపులోనే అతని చేతికి నకిలీనాణెమని తెలిసిపోతుంది.

విద్యార్థులు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రేమకథ చదివి కంటతడి పెట్టడం బలహీనత కాదు. ఇతరుల సుఖదుఃఖాలు తమలో పలికినవనడానికి గుర్తు. సిగ్గుపడవలసినది ఆ కన్నీటికి కాదు. పుస్తకంలోని నాయిక కోసం ఏడ్చి, పక్కబల్లమీద కూర్చున్న తోటి విద్యార్థిని మనస్సు తెలుసుకొనలేకపోతే, అందుకు సిగ్గుపడాలి. కథలోని మనిషికి ఇచ్చిన మన్నన ఎదుటి మనిషికి కూడా ఇవ్వగలిగిననాడు ప్రణయకథ తన పని పూర్తి చేసినట్టు. అటువంటి కథను ఇంక తలగడ క్రింద దాచనక్కరలేదు. పాఠ్యపుస్తకం సరసనే, బల్లమీద, నలుగురూ చూడగా ఉంచవచ్చును.